తుఫానుకి ముందు పాడాల్సిన పాట



ఈసారి పోస్టు పెద్దది. పొలం పని ఉంటే ఫోను పక్కన పెట్టేయండి. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి.

అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మనకి ఒక కన్ను చేను మీద, ఒక కన్ను ఆకాశం మీద ఉంటుంది. వరి ఈనిక మీదో, పాలు పోసుకునే దశలోనో, కోసి పనల మీదో ఉంటుంది. సరిగ్గా అప్పుడే బంగాళాఖాతంలో అల్పపీడనం అంటారు. గాలి ఎంత వేగంతో వస్తోంది, ఎక్కడ తీరం దాటుతుంది అని టీవీల వాళ్ళు గంట గంటకీ చెబుతారు. ఆ కబురు మన ఊళ్ళో ఆఖరి ఇంటిదాకా ఎలా చేరుతుందో మాత్రం ఎవరూ చెప్పరు. తుఫాన్ల చరిత్ర తిరగేసి చూడండి. కబురు బయల్దేరిన చోటుకీ ఆ ఆఖరి ఇంటికీ మధ్యనే ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ మధ్య దూరాన్ని తగ్గించడానికి పాటగాళ్ళు, నాటకాలవాళ్ళు, ఊరి పెద్దలు ఏం చేశారో ఈ రోజు చెబుతా.

జోలె పట్టిన రోజులు

మన దగ్గర నుంచే మొదలుపెడదాం. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో పెద్దవాళ్ళకి ఈ తేదీ చెబితే చాలు, వివరం అక్కర్లేదు. సముద్రం లేచి ఊళ్ళ మీద పడింది. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది లాంటి ఊళ్ళలో ఇళ్ళు, గొడ్లు, మనుషులు కలిసి కొట్టుకుపోయారు. చనిపోయినవాళ్ళు పది వేల వరకు అని సర్కారు లెక్క. అంతకన్నా చాలా ఎక్కువ అని ఆ సీమవాళ్ళ మాట. ఉప్పెన నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తుగా అవనిగడ్డ దగ్గర స్మారకం కట్టారు. అటు వెళ్ళినప్పుడు ఆగి చూడండి. సముద్రం ఎక్కడ, ఆ చోటు ఎక్కడ అని మీకే ఆశ్చర్యం వేస్తుంది.

తర్వాత సంగతి కూడా మీకు తెలిసిందే. ఎన్టీఆర్ గారు, ఏఎన్నార్ గారు, ఇంకా ఎందరో సినిమా వాళ్ళు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు. జనం చేతిలో ఉన్నది వేశారు. అవనిగడ్డ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారు స్వచ్ఛంద సంస్థల్ని కూడగట్టి దివిసీమని మళ్ళీ నిలబెట్టే పనిలో పడ్డారు. ఇది మనం గర్వంగా చెప్పుకునే చరిత్రే. ఎన్టీఆర్ గారు అంతకుముందు 1952లో రాయలసీమ కరువప్పుడు కూడా ఇలాగే తిరిగి విరాళాలు తెచ్చారు.

అయితే ఒక్కటి గమనించండి. ఆ జోలెలో పడ్డ ప్రతి రూపాయీ మనుషులు పోయాకే పడింది. కళాకారుడి మాటకి జనాన్ని కదిలించే శక్తి ఉందని ఊరూరా రుజువైంది. మరి అదే శక్తి ఉప్పెనకి ముందు నవంబరు 18న ఉండుంటే? పాకల్లో పడుకున్న కూలివాళ్ళని, ఒడ్డున ఉన్న జాలర్లని లేపి మెరకకి నడిపించేలా ఉండుంటే? ఈ ప్రశ్న మనకన్నా ముందు ఇంకొకళ్ళకి ఎదురైంది. వాళ్ళు ఏం చేశారో చూద్దాం. మనదీ వాళ్ళదీ ఒకటే సముద్రం.

విన్నారు, కదల్లేదు

1970 నవంబరు 12 రాత్రి. ఇప్పటి బంగ్లాదేశ్, అప్పట్లో తూర్పు పాకిస్తాన్. భోలా అనే దీవి, దాని చుట్టూ నది మేట వేసిన లంకలు. మన కృష్ణా, గోదావరి లంకల్లాంటివే. ఆ ఒక్క రాత్రి ఉప్పెనలో కనీసం 3 లక్షల మంది చనిపోయారని అంచనా. 5 లక్షల దాకా చెప్పేవాళ్ళూ ఉన్నారు. అది వరి కోతల కాలం. పైప్రాంతాల నుంచి కోతలకి వచ్చిన కూలీలు ఆ లంకల్లోనే ఉన్నారు. వాళ్ళలో ఎంతమంది పోయారో సరిగ్గా లెక్కకే రాలేదు.

కబురు అందక పోయారా అంటే, అదీ కాదు. తర్వాత జరిపిన పరిశీలనలో తేలింది ఏమిటంటే, ఆ ప్రాంతంలో నూటికి 90 మందికి పైగా తుఫాను వస్తోందని తెలుసు. గట్టి కట్టడంలోకి వెళ్ళి తలదాచుకున్నవాళ్ళు మాత్రం నూటికి ఒక్కరు.

ఎందుకు కదల్లేదు? మనల్ని మనం అడుగుదాం, జవాబు దొరుకుతుంది. మొదటిది, వెళ్ళడానికి గట్టి కట్టడాలే తక్కువ. రెండోది, అంతకుముందు నెలలోనే ఒక తుఫాను వచ్చింది. పెద్ద హెచ్చరికే ఇచ్చారు, అనుకున్నంత నష్టం జరగలేదు. 'అప్పుడూ ఇలాగే చెప్పారు' అనే మాట మన ఊళ్ళో కూడా వింటూనే ఉంటాం కదా. మూడోది, హెచ్చరిక భాష. ఇన్నో నంబరు ప్రమాద సూచిక అంటారు. ఆ నంబర్లు ఓడరేవుల్లో ఓడల కోసం పుట్టినవి. ఇప్పటికీ మన పేపర్లలో మచిలీపట్నం రేవులో ఫలానా నంబరు హెచ్చరిక ఎగరేశారని వస్తుంది. ఓడ కెప్టెనుకి అది అర్థమవుతుంది. చేలో ఉన్న మనిషి గొడ్లని విప్పాలా, పిల్లల్ని తీసుకుని బయల్దేరాలా, రేపు పొద్దున దాకా ఆగొచ్చా అనేది ఆ నంబరు చెప్పదు. నాలుగోది మనకి బాగా తెలిసిందే. ఇల్లు, గొడ్డు, గింజ వదిలి పోవాలంటే రైతుకి ప్రాణం ఒప్పదు.

ఇంకో మాట. ఆ ఉప్పెనలో బతికినవాళ్ళలో చాలామందికి రొమ్ము మీద, చేతుల మీద ఒరుసుకుపోయిన గాయాలు ఉన్నాయని డాక్టర్లు రాశారు. రాత్రంతా చెట్టుని కరుచుకుని ఉన్న గుర్తులవి. చెట్టుని పట్టుకునే బలం ఉన్నవాడు బతికాడు. పిల్లలు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు ఎక్కువ పోయారు.

ఆ దేశంలో గొప్ప చిత్రకారుడు ఒకాయన ఉండేవారు, జైనుల్ ఆబెదిన్. 1943 బెంగాల్ కరువుని బొమ్మలు గీసి లోకానికి చూపించిన మనిషి. భోలా తుఫాను తర్వాత ఆయన ఆ లంకలకి వెళ్ళి చూసి, మన్‌పురా దీవి పేరుతో దాదాపు 30 అడుగుల పొడవున్న బొమ్మ గీశారు. ఒకదాని మీద ఒకటి పడి ఉన్న మనుషుల, గొడ్ల శరీరాలు అందులో వరసగా ఉంటాయి. 1971 ఆగస్టు 1న న్యూయార్కులో పండిట్ రవిశంకర్, జార్జ్ హారిసన్ కలిసి బంగ్లాదేశ్ కోసం పెద్ద కచేరీ చేశారు. తుఫాను దెబ్బ, ఆ వెంటనే యుద్ధం, రెండూ కలిసి తరిమిన శరణార్థుల కోసం అది. వీళ్ళందరూ మహానుభావులు. అయినా ఇక్కడా కళ వచ్చింది జరిగిపోయాకే.

జెండా, చేతి మైకు, నాటకం

బంగ్లాదేశ్ పుట్టిన వెంటనే, 1972లో రెడ్ క్రాస్ వాళ్ళు ఒక పని మొదలుపెట్టారు. 1973లో కొత్త ప్రభుత్వం దాన్ని తన కార్యక్రమంగా ఒప్పుకుంది. దాని పేరు తుఫాను సన్నద్ధత కార్యక్రమం. ఇందులో గొప్ప యంత్రాలేమీ లేవు. ఊరి మనిషి చేతే ఊరికి చెప్పించాలి, అంతే ఆలోచన. రైతులు, బడి పంతుళ్ళు, చిన్న దుకాణదారులు, కుర్రాళ్ళు జీతం లేకుండా ముందుకొచ్చారు. మొదట్లో దాదాపు 20 వేల మంది. ఒకటి రెండు ఊళ్ళకి ఒక జట్టు. జట్టులో కొందరు హెచ్చరిక చెప్పడానికి, కొందరు జనాన్ని షెల్టరుకి చేర్చడానికి, కొందరు కాపాడటానికి, కొందరు ప్రథమ చికిత్సకి. చేతికి రేడియో, చేతి మైకు, చేత్తో తిప్పే సైరన్, టార్చి, జెండాలు ఇచ్చారు.

ఆ జెండాల సంగతి వినండి. ఓడల నంబర్లని ఊరి భాషలోకి మార్చారు. ఒక జెండా ఎగిరితే తుఫాను మీద కన్నేసి ఉంచమని. రెండు జెండాలైతే ప్రమాదం, సర్దుకోండి. మూడైతే మహా ప్రమాదం, బయల్దేరండి. చదువు రానివాడికీ అర్థమవుతుంది. చెవులు వినపడనివాళ్ళకి జెండా కనిపిస్తుంది. చూపు లేనివాళ్ళకి సైరన్ వినిపిస్తుంది. ఒకే కబురుని రెండు మూడు దారుల్లో పంపాలనే తెలివి ఇందులో ఉంది.

జెండా ఎగరేస్తే జనం లేచిపోతారా? లేవరు. ముందే నమ్మకం కుదరాలి. అందుకని తుఫాను లేని రోజుల్లో ఊళ్ళలో నాటకాలు వేశారు. సంత దగ్గర, బడి ముందు, అరుగుల దగ్గర. తుఫాను వచ్చినట్టే నటిస్తారు. ఒకడు 'నేను రాను పోండి' అంటాడు, ఒకామె 'గేదెనెట్టా వదిలేసి వచ్చేది' అంటుంది, ఒక ముసలాయన మంచం మీద నుంచి లేవలేడు. చూసేవాళ్ళు నవ్వుతారు, ఎందుకంటే అది వాళ్ళ ఇంటి కథే. నవ్వుతూనే రేపు తమ ఇంట్లో ఎవర్ని ఎవరు ఎత్తుకోవాలో ఆలోచనలో పడతారు.

బెంగాలు దేశపు జానపద కళలన్నీ ఇలాంటి పనికి వచ్చాయి. జారీ పాటలు ఉన్నాయి. పట్ గాన్ అని ఇంకొకటి ఉంది. పొడుగాటి బట్ట మీదో కాయితం మీదో వరస బొమ్మలు వేసి, ఒక్కో బొమ్మా విప్పుతూ పాట పాడతారు. మన చేర్యాల నకాషీ వాళ్ళ పటం కథ చూసినవాళ్ళకి ఇది వెంటనే తెలుస్తుంది. గంభీర అనేది మరొకటి. అందులో తాత, మనవడు ఎదురెదురుగా నిలబడి ఎకసెక్కాలాడుతూ ఊరి సమస్య మాట్లాడతారు. తాత మొండికేస్తాడు, మనవడు విడమరిచి చెబుతాడు. ఇలా చెబితే ఊళ్ళో మొండికేసే తాతలకి కోపం రాదు.

మసీదు పెద్దలు కూడా కలిశారు. నమాజుకి పిలిచే మైకులోనే తుఫాను కబురు చెప్పారు. రోజూ వినే గొంతు కాబట్టి జనం నమ్మారు.

1991: ఎవర్ని మరిచిపోయారు?

ఇంత చేసినా కథ సుఖంగా ముగియలేదు. 1991 ఏప్రిల్ 29న చిట్టగాంగ్ తీరాన్ని మరో పెద్ద తుఫాను కొట్టింది. 1 లక్షా 38 వేల మంది దాకా పోయారు. 20 నుంచి 44 ఏళ్ళ వయసువాళ్ళలో మగవాళ్ళు వెయ్యికి 15 మంది చనిపోతే, ఆడవాళ్ళు వెయ్యికి 71 మంది చనిపోయారని లెక్క తేలింది. దాదాపు ఐదు రెట్లు.

ఆడవాళ్ళు బలహీనులు కాబట్టి అనుకుంటే పొరపాటు. కబురు చెప్పింది మగవాళ్ళు, విన్నది మగవాళ్ళు. టీ కొట్టు దగ్గర, బజార్లో, మసీదు దగ్గర చెప్పారు. ఇంట్లో ఉన్న ఆడమనిషికి అది ఆలస్యంగా చేరింది. చేరినా, ఇంటాయన వచ్చి పదమనే దాకా గడప దాటలేదు. పిల్లల్ని చంకనెత్తుకుని, చీర కాళ్ళకి అడ్డం పడుతుంటే ఆ నీళ్ళలో ఎంత దూరం నడుస్తుంది? షెల్టరుకి వెళ్ళినా వందలమంది మగవాళ్ళ మధ్య నిలబడాలి, మరుగుదొడ్డి లేదు. అలాంటి చోటికి వయసొచ్చిన కూతుర్ని తీసుకెళ్ళడానికి తల్లులు వెనకాడారు.

ఇది చూశాక వాళ్ళు పద్ధతి మార్చుకున్నారు. జట్లలోకి ఆడవాళ్ళని తీసుకున్నారు. ఊళ్ళలో వాకిలి సమావేశాలు పెట్టారు. ఆడవాళ్ళు ఎవరో ఒకరి వాకిట్లో చేరి, మగవాళ్ళు లేకుండా మాట్లాడుకుంటారు. బయల్దేరేటప్పుడు చీర ఎలా బిగించి కట్టుకోవాలి, కాయితాలు, గింజలు, అగ్గిపెట్టె ఎలా మూటగట్టాలి, గర్భిణికి ఎవరు తోడుండాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. తర్వాత కట్టిన షెల్టర్లలో ఆడవాళ్ళకి వేరే గదులు, మరుగుదొడ్లు పెట్టారు. మామూలు రోజుల్లో వాటిలోనే బడి నడుస్తుంది. అందువల్ల తుఫాను రోజున పిల్లలకి అది తెలిసిన చోటే. ఈ మధ్య లెక్కల ప్రకారం ఆ కార్యక్రమంలో 76 వేల మంది పనిచేస్తున్నారు, అందులో సగం మంది ఆడవాళ్ళు.

గొడ్ల సంగతి కూడా చెప్పాలి, మనకి అది ముఖ్యం. గొడ్లని వదిలి రైతు కదలడని వాళ్ళకి 1970 తర్వాతే అర్థమైంది. అందుకని లంకల్లో ఎత్తుగా మట్టి దిబ్బలు పోశారు. ముజీబ్ కిల్లా అంటారు వాటిని. ఉప్పెన వస్తే గొడ్లని ఆ దిబ్బ మీదకి తోలొచ్చు. గొడ్డుకి చోటు చూపించాక మనిషి కదులుతాడు.

వికలాంగుల విషయంలో గైబంధా జిల్లా పేరు చెప్పుకోవాలి. బ్రహ్మపుత్ర వరదలు ఏటా వచ్చే చోటు. అక్కడ వికలాంగులే సంఘాలు కట్టి ఊరి విపత్తు కమిటీల్లో కూర్చున్నారు. ఎవరి ఇంట్లో నడవలేనివాళ్ళు ఉన్నారు, ఎవరికి చక్రాల కుర్చీ ఉంది, ఎవర్ని ముందు పడవ ఎక్కించాలి అని వాళ్ళే జాబితా రాశారు. తమకేం కావాలో ఎవరో ఊహించి చెప్పడం కాకుండా తామే చెప్పుకున్నారు. 2015 డిసెంబరులో ఢాకాలో ఈ విషయం మీదే అంతర్జాతీయ సమావేశం జరిగింది.

ఫలితం ఏమిటంటారా? 2007 నవంబరులో సిడర్ తుఫాను. చాలా బలమైనది. చనిపోయినవాళ్ళు 3,400 పైచిలుకు. 2020 మేలో ఆంఫన్. 20 లక్షల మందికి పైగా జనాన్ని తరలించారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. ఇదంతా పాటల వల్లే అని నేను అనను. ఉపగ్రహాలు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి, కరకట్టలు, షెల్టర్లు వచ్చాయి. ప్రతి తుఫానూ ఒకే బలంతో రాదు కూడా. అయినా మూడు లక్షలు ఎక్కడ, పదులు ఎక్కడ? షెల్టరు కట్టడం ఇంజనీరు పని. షెల్టరుకి ముసలమ్మని నడిపించింది మాత్రం ఆమె మాట నమ్మే ఊరి మనిషి.

మన దగ్గరా మార్పు వచ్చింది, అది కూడా చెప్పుకోవాలి. 1990 మే 9న దాదాపు అదే చోట, కృష్ణా నది సముద్రంలో కలిసే దగ్గర, 1977 లాంటి తుఫానే వచ్చింది. లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపు ఆగాయి. ఒడిశాలో 1999 అక్టోబరులో దాదాపు 10 వేల మంది పోతే, 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు లక్షల మందిని కదిలించి మరణాలు పదుల్లో ఆపగలిగారు.

97 ఏళ్ళు నిలిచిన పాట

సర్కారు, రెడ్ క్రాస్, సైరన్ ఏవీ లేకుండా ఒక్క పాట ఏం చేయగలదో ఇప్పుడు చూడండి.

ఇండోనేషియాలో సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ భూకంపం, వెంటనే సునామీ వచ్చి చాలామంది చనిపోయారు. బతికినవాళ్ళు దానికి స్మాంగ్ అని తమ భాషలో పేరు పెట్టుకున్నారు. ఆ కథని నాన్‌డాంగ్ అనే తమ పాటల్లో కలిపారు, పిల్లల్ని జోకొట్టేటప్పుడు పాడారు. అందులోని సారం చిన్నదే: భూమి గట్టిగా ఊగి, ఆ వెంటనే సముద్రం వెనక్కి పోతే, ఆగొద్దు, దేనికోసమూ చూడొద్దు, కొండెక్కు.

2004 డిసెంబరు 26న అదే జరిగింది. భూకంపం పుట్టిన చోటుకి ఆ దీవి చాలా దగ్గర. కొన్ని నిమిషాల్లోనే కెరటాలు వచ్చేశాయి. దీవిలో దాదాపు 78 వేల మంది జనం. చనిపోయింది ఏడుగురు. పక్కనే ఉన్న ఆచే ప్రాంతంలో లక్షన్నర మందికి పైగా పోయారు. మన ఆంధ్ర తీరంలోనూ వంద మందికి పైగా పోయారు. ఆ రోజు సముద్రం వెనక్కి పోతే చేపలు ఏరుకోవడానికి, వింత చూడటానికి ముందుకి నడిచినవాళ్ళు ఎన్నో దేశాల్లో ఉన్నారు. వాళ్ళకి ఎవరూ ఆ పాట పాడలేదు.

1907 నుంచి 2004కి 97 ఏళ్ళు. 1907 చూసినవాళ్ళు దాదాపు ఎవరూ మిగల్లేదు. జోలపాటలో పెట్టారు కాబట్టి చదువు రానివాళ్ళకీ, ఆడవాళ్ళకీ, చంటిపిల్లలకీ అందరికీ చేరింది.

ఇప్పుడు మన లెక్క చూసుకుందాం. దివిసీమ ఉప్పెనకి యాభై ఏళ్ళు కావొస్తోంది. మన ఊరి బడిలో పదో తరగతి పిల్లల్ని అడగండి, 1977లో ఏం జరిగిందో ఎంతమంది చెబుతారు?

మన చేతిలో ఉన్నవి

మనకి కళలు లేవా? వెనకటి రోజుల్లో ఊళ్ళో ఏ కబురైనా డప్పు చాటింపుతోనే తెలిసేది. నీళ్ళు వదులుతున్నారన్నా, శిస్తు కట్టమన్నా, వరద వస్తోందన్నా డప్పే. ఆ చాటింపు వేసిన మనిషి ఊరంతా తిరిగి చెప్పేవాడు. ఆయన ఇల్లు మాత్రం చాలా ఊళ్ళలో ఊరి చివర పల్లంలో ఉండేది. అందరికీ కబురు చెప్పినవాడి ఇంటికే నీళ్ళు ముందొచ్చేవి. ఈ మాట మనం ఒప్పుకుని మాట్లాడుకోవాలి.

బుర్రకథ ఉంది. షేక్ నాజర్ గారు, ప్రజానాట్యమండలి వాళ్ళు 1940ల్లో బుర్రకథని జనం కష్టాలు చెప్పే సాధనంగా మార్చారు. అందులో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు లోకం తీరు. మన మనసులో ఉన్న అనుమానాలన్నీ ఆ వంతే అడిగేస్తాడు. 'అప్పుడూ ఇలాగే చెప్పారు, ఏమీ రాలేదు కదా' అనే ప్రశ్న హాస్యగాడి నోట వస్తే ఊరంతా నవ్వుతుంది, జవాబు కూడా ఊరంతా వింటుంది. హరికథ, కోలాటం, భజన మండళ్ళు, బడి పిల్లల నాటకం, ఏవి ఉంటే అవే చాలు.

ఇప్పుడు మనం వాట్సాప్ గ్రూపుల్ని నమ్ముకున్నాం. మంచిదే. కానీ ఆ గ్రూపులో ఎవరు లేరో ఒకసారి ఆలోచించండి. ఫోను లేని అవ్వ లేదు. కరెంటు పోయి ఫోను ఆగిపోయిన ఇల్లు లేదు. చెరువు గట్టు మీద పాకలో కాపలా ఉండే మనిషి లేడు. మన నాట్లకి బెంగాల్ నుంచి, ఒడిశా నుంచి వస్తున్న కూలి జట్లు లేవు. వాళ్ళకి మన తెలుగు హెచ్చరిక అర్థం కాదు. 1970లో భోలా లంకల్లో లెక్కకి రాకుండా పోయింది సరిగ్గా ఇలాంటివాళ్ళే. మన చేలో పనికి పిలిచాక వాళ్ళ ప్రాణం మన పూచీ.

అందుకని ఈ సీజనుకి ముందే మన ఊళ్ళో నాలుగు పనులు చేసుకోవచ్చు. పెద్ద ఖర్చేమీ లేదు.

ఒకటి, జాబితా. నడవలేనివాళ్ళు, వినపడనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, గర్భిణులు, ఒంటరి ముసలివాళ్ళు, పాకల్లో ఉండేవాళ్ళు, బయట నుంచి వచ్చిన కూలీలు. ఒక్కో పేరు పక్కన వాళ్ళని తీసుకొచ్చే ఇద్దరి పేర్లు రాయాలి. ఆ జాబితా వాళ్ళతో కూర్చునే రాయాలి.

రెండు, చెప్పే మనుషులు. వాడకి ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. డ్వాక్రా సంఘాల్లో ఆడవాళ్ళు ఉన్నారు, వాళ్ళకన్నా బాగా ఇంటింటికీ వెళ్ళగలిగేవాళ్ళు ఎవరున్నారు? గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు మూడింట్లోనూ ఒకే మాట రావాలి. కరెంటు లేకపోతే డప్పు. హిందీ, బెంగాలీ, ఒడియా మాట్లాడే మేస్త్రీ ఎవరో ముందే తెలుసుకుని ఉంచాలి.

మూడు, గొడ్లకి చోటు. ఏ మెరక మీదకి తోలాలి, అక్కడ గడ్డి ఎవరు వేస్తారు. ఇది తేలితే సగం మంది రైతులు మాట వింటారు.

నాలుగు, ఆట. వినాయక చవితి పందిట్లో గానీ, దసరాకి గానీ ఒక్క రాత్రి తుఫాను కథ ఆడించండి. బడి పిల్లల చేత వేయించండి, ముసలాయన వేషం ఊరి పెద్దకే ఇవ్వండి. చివర్లో అందరూ లేచి షెల్టరు దాకా నడిచి వెళ్ళి చూసి రావాలి. తాళం ఎవరి దగ్గర ఉందో, మెట్లు ఎక్కలేనివాళ్ళ సంగతేమిటో, మరుగుదొడ్డిలో నీళ్ళు ఉన్నాయో లేదో ఆ రాత్రే తెలిసిపోతుంది.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతా. మీ ఇళ్ళల్లో, మీ చుట్టాల్లో 1977 చూసినవాళ్ళు, 1990 చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ దగ్గర కూర్చోండి. నీళ్ళు ఏ వైపు నుంచి వచ్చాయి, ఎంత ఎత్తు వచ్చాయి, ఏ దిబ్బ మీద జనం బతికారు, గాలి ఆగిందనుకుని బయటికి వచ్చినవాళ్ళు ఏమయ్యారు, అన్నీ అడిగి రాసి పెట్టండి. మీ ఊళ్ళో పదం కట్టగలిగే మనిషి ఒకరైనా ఉంటారు, ఆ కాయితం వాళ్ళ చేతికి ఇవ్వండి. రాసినవి నాకూ పంపండి, ఊరి పేరుతో సహా ఇక్కడ పెడతాను. చేను మునిగితే మరో పంట వేసుకుంటాం. మిగతాది మీకే తెలుసు.

జాగ్రత్తగా ఉండండి. మళ్ళీ కలుద్దాం.